పిన్ కోడును విప్పి చూద్దాం: ఆరంకెల సంఖ్య గుణాలు చేత్తో కట్టే పద్ధతి

బెంగళూరులో ఏ తెలుగింటికి వచ్చిన కొరియర్ కవరు తిప్పి చూసినా చిరునామా చివర 560తో మొదలయ్యే ఆరంకెలు కనిపిస్తాయి. 1972లో పిన్ కోడ్ పద్ధతి వచ్చినప్పుడు ఆంధ్రకూ కర్ణాటకకూ కలిపి మొదటి అంకె 5 ఇచ్చారు కాబట్టి ఇల్లు మారి వచ్చినవాళ్లకూ ఆ అంకె కొత్త కాదు. పెద్ద సంఖ్యను చేత్తో విప్పడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. ఎక్కాలతో తేలిపోయేంత చిన్నది కాదు, కంప్యూటరు లేనిదే కదలనంత పెద్దదీ కాదు.

ఇక్కడ నాలుగు సంఖ్యలు తీసుకుంటున్నాం. 560001 నగరం జీపీవోది, 560066 వైట్‌ఫీల్డ్‌ది, 560100 ఎలక్ట్రానిక్ సిటీది, 560037 మారతహళ్లిది. మీది వేరే పేట అయితే మీ సంఖ్యనే పక్కన పెట్టుకుని ఇవే మెట్లు ఎక్కండి.

కావలసినవి గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, 113 దాకా ప్రధాన సంఖ్యల పట్టీ. పట్టీలో సరిగ్గా 30 సంఖ్యలు ఉండాలి. 31 వస్తే 91నో 57నో దొంగతనంగా దూరి ఉంటుంది. చూడ్డానికి ప్రధానంలా ఉండి మోసం చేసేవి 51, 57, 87, 91. పట్టీ దాటాక 119, 133, 143, 221, 299. వీటిని గుర్తుపెట్టుకుంటే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

కారణాంకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత, రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చా లేదా అన్న ప్రశ్నలన్నిటికీ తాళంచెవి ఒక్కటే, ప్రధాన కారణాంకాల లబ్ధం. అది చేతిలో ఉంటే మిగతా ప్రతి జవాబూ రెండు మూడు గుణకారాల పని. అది లేకుండా మొదలుపెడితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అందుకే సమయంలో ఎక్కువ భాగం ఈ ఒక్క పనికే ఇవ్వండి.

ఎక్కడిదాకా భాగించాలి

సంఖ్య వర్గమూలం దాకా. 748 వర్గం 559504, 749 వర్గం 561001. అంటే 560001కి హద్దు 748. ఒక కారణాంకం 748 దాటితే దానికి జతగా ఉన్నది 748 లోపలే ఉండి తీరుతుంది కాబట్టి ఆపైన వెతకనక్కర్లేదు.

748 లోపల ప్రధాన సంఖ్యలు 132 ఉన్నాయి. అది చూసి బెదరకండి. ఒక్కో కారణాంకం దొరికినప్పుడల్లా సంఖ్య చిన్నదవుతుంది, హద్దూ దిగుతుంది. 560001 అంకెల మొత్తం 12, కాబట్టి 3 పోతుంది. మిగిలింది 186667, హద్దు 432. దాన్ని 13 భాగిస్తుంది, మిగిలింది 14359, హద్దు 119. అలా 132 భాగహారాలు అనుకున్నది పట్టీలోనే ముగిసింది. హద్దును మొదట్లో ఒకసారి కట్టి వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. కారణాంకం దొరికిన ప్రతిసారీ కొత్త హద్దును పక్కన రాసుకోండి.

2, 3, 5 సంగతి బడిలో నేర్చుకున్నదే. చివరి అంకె, అంకెల మొత్తం చూస్తే చాలు.

7, 11, 13 ఒకే దెబ్బకు

7 × 11 × 13 = 1001. ఈ ఒక్క ముక్కతో మూడింటినీ ఒకేసారి పరీక్షించవచ్చు. సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒక గుంపు కలుపుతూ మరో గుంపు తీసేస్తూ వెళ్లండి. ఆరంకెలకైతే ఒక్క తీసివేతే.

560001కి 560 − 1 = 559. ఇది 13 × 43. 7తో భాగిస్తే 6 మిగులుతుంది, 11తో 9. కాబట్టి 13 ఒక్కటే భాగిస్తుంది. 560066కి 560 − 66 = 494, అంటే 13 × 38. ఇక్కడా 13 ఒక్కటే. 560037కి 523, 560100కి 460 వస్తాయి. ఆ రెంటికీ మూడింటిలో ఒక్కటీ కుదరదు.

బెంగళూరు సంఖ్యలకు ఇందులో ఇంకో సులువు ఉంది. 560 అంటే 7 × 80, కాబట్టి చివరి మూడంకెలను 7 భాగిస్తేనే మొత్తాన్ని భాగిస్తుంది. 560ని 13తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి చివరి మూడంకెలూ 13తో 1 మిగల్చాలి. 001, 014, 027, 040, 053, 066, 079, 092 ఆ వరసలోవి. జీపీవో, వైట్‌ఫీల్డ్ రెండూ అందులోనే పడ్డాయి.

గుంపులు ఎడమవైపు నుంచి కడితే ఆరంకెలకు నష్టం లేదు గానీ ఏడంకెలకో పదంకెలకో లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఎప్పుడూ కుడి నుంచే మొదలుపెట్టండి.

తీసివేత బదులు అవే గుంపులను కూడితే 37 తేలిపోతుంది, ఎందుకంటే 999 = 27 × 37. ఉదాహరణకు 560 + 66 = 626. 37తో 34 మిగులుతుంది, కుదరదు.

17 నుంచి పైకి

ఇక్కడి నుంచి ఒక్కో ప్రధానానికి ఒక్కో చిట్కా. చివరి అంకెను విడదీసి, దాన్ని ఒక చిన్న సంఖ్యతో గుణించి, మిగిలిన భాగానికి కలపడమో తీసేయడమో చేయాలి. 17కి 5 రెట్లు తీసేయాలి, 19కి 2 రెట్లు కలపాలి, 23కి 7 రెట్లు కలపాలి, 29కి 3 రెట్లు కలపాలి, 31కి 3 రెట్లు తీసేయాలి. కారణం సులువే. 17 × 3 = 51, 19 × 1 = 19, 23 × 3 = 69, 29 × 1 = 29, 31 × 1 = 31. పదుల గుణిజానికి ఒకటి అటో ఇటో ఉన్న గుణిజం దొరికిన చోటల్లా ఈ చిట్కా పుడుతుంది.

వైట్‌ఫీల్డ్ సంఖ్యతో చూద్దాం. 560066ను 2 భాగిస్తుంది, 280033 మిగిలింది. 13 భాగిస్తుంది, 21541 మిగిలింది. చాలామంది ఇక్కడ 13ను కొట్టేసి 17కి పోతారు. అదే పెద్ద పొరపాటు. 21541ను 13 మళ్లీ భాగిస్తుంది, 1657 వస్తుంది. దొరికిన ప్రధానాన్ని అది ఇక కుదరదని తేలేదాకా వదలకూడదు. 1657 ÷ 13లో 6 మిగిలింది కాబట్టి ఇప్పుడు ముందుకు వెళ్లవచ్చు.

1657కి హద్దు 40. 17కి 165 − 35 = 130, కుదరదు. 19కి 165 + 14 = 179, కుదరదు. 23కి 165 + 49 = 214, కుదరదు. 29కి 186, 31కి 144, రెండూ కుదరవు. 37కి 1 + 657 = 658, 29 మిగిలింది. హద్దు లోపల ఇక ప్రధానాలు లేవు, అంటే 1657 ప్రధాన సంఖ్య.

560066 = 2 × 13² × 1657

ఒక జాగ్రత్త. చివరి అంకె చిట్కాలు భాగిస్తుందా లేదా అన్నదే చెబుతాయి, శేషం చెప్పవు. 17కి వచ్చిన 130లో 11 మిగులుతుంది, కానీ 1657ను నేరుగా 17తో భాగిస్తే మిగిలేది 8. మూడేసి గుంపులను కూడే 37 పద్ధతిలో మాత్రం శేషం కూడా నిజమే. శేషం కావాల్సిన చోట ఏ పద్ధతి వాడారో చూసుకోండి.

ఇప్పుడు జీపీవో సంఖ్యకు వద్దాం. 3, 13 పోయాక మిగిలింది 14359. దాన్ని 13 రెండోసారి భాగించదు. 17, 19, 23 అంటూ వెళ్తే ఒక్కటీ కుదరదు. ముప్పైలు పోతాయి, నలభైలు పోతాయి, యాభైలు దాటేసరికి ఓపిక చచ్చి ‘ఇదేదో ప్రధానమేలే’ అని రాసేయాలనిపిస్తుంది. రాయకండి. హద్దు 119, కాబట్టి 113 దాకా చూడాల్సిందే. 83 దగ్గర తలుపు తెరుచుకుంటుంది. 83 × 170 = 14110, ఇంకా 249 ఉంది, అది 83 × 3. అంటే 14359 = 83 × 173. మిగిలిన 173 మన చేతిలో ఉన్న 83 వర్గం కన్నా చిన్నది, 83 కన్నా చిన్న ప్రధానమేదీ దాన్ని భాగించదని ముందే తేలింది. కాబట్టి అది ప్రధానమే, ఇక పరీక్ష అక్కర్లేదు.

560001 = 3 × 13 × 83 × 173

పట్టీలో 23 ప్రధానాలతో పని ముగిసింది. ఎలక్ట్రానిక్ సిటీది తేలిక. 560100 = 5601 × 100, 5601 = 3 × 1867. 1867ను 43 దాకా పరీక్షిస్తే ఏదీ భాగించదు. కాబట్టి 560100 = 2² × 3 × 5² × 1867.

ఇంత పెద్ద సంఖ్యలో వేర్వేరు ప్రధానాలు మూడో నాలుగో రావడం మామూలే. సంఖ్య ఎంత పెరిగినా ఆ లెక్క చాలా నెమ్మదిగా పెరుగుతుందని హార్డీ, రామానుజన్ 1917లో చూపించారు. ఆరంకెల సంఖ్యకు ఎనిమిది వేర్వేరు ప్రధానాలు వచ్చాయంటే ఎక్కడో తప్పు జరిగిందనే అర్థం. మొదటి ఎనిమిది ప్రధానాల లబ్ధమే తొంభై ఆరు లక్షలు దాటుతుంది.

సరిచూసుకోవడం

మొత్తం తిరిగి గుణించకుండానే తొమ్మిదితో, పదకొండుతో సరిచూడవచ్చు. 9తో భాగిస్తే 3, 13, 83, 173లకు శేషాలు 3, 4, 2, 2. వాటి లబ్ధం 48, దానికి శేషం 3. 560001 అంకెల మొత్తం 12, దానికీ 3. సరిపోయింది.

తొమ్మిది పరీక్ష ఒక్కటే చేసి ఊరుకోవద్దు. పక్కపక్క అంకెలు తారుమారైతే అంకెల మొత్తం మారదు. 560001 బదులు 560010 అని రాసుకున్నా తొమ్మిది నోరు మెదపదు. పదకొండు పట్టేస్తుంది. కుడి నుంచి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే 560001కి 1 − 0 + 0 − 0 + 6 − 5 = 2, అదే 560010కి 0. కారణాంకాల వైపు శేషాలు 3, 2, 6, 8. లబ్ధం 288, దానికి 11తో శేషం 2. ఇప్పుడు నమ్మవచ్చు. పిన్ కోడులో తప్పు పట్టే అంకె లేదు. ఆధార్ సంఖ్యలో మాత్రం చివరి అంకె ఆ పనికే ఉంది.

కారణాంకాలు, వాటి మొత్తం

ఘాతాంకాలకు ఒక్కోటి కలిపి గుణిస్తే కారణాంకాల సంఖ్య వస్తుంది. 560001కి 2 × 2 × 2 × 2 = 16. 560066కి 2 × 3 × 2 = 12. 560100కి 3 × 2 × 3 × 2 = 36.

మొత్తం కావాలంటే ఒక్కో ప్రధానానికి 1 నుంచి దాని పూర్తి ఘాతం దాకా కూడి, ఆ మొత్తాలను గుణించాలి. 560066కి (1 + 2) × (1 + 13 + 169) × (1 + 1657) = 3 × 183 × 1658 = 910242. ఇక్కడ 13² ఉంది కదా అని 14²= 196 వేస్తే లెక్క చెడుతుంది. ప్రధానం ఒక్కసారే ఉన్నప్పుడే ‘ఒకటి కలిపి గుణించు’ పని చేస్తుంది. అనుమానం ఉంటే 12 కారణాంకాలనూ రాసి కూడండి: 1, 2, 13, 26, 169, 338, 1657, 3314, 21541, 43082, 280033, 560066. అదే 910242.

ఇందులోంచి ఆ సంఖ్యనే తీసేస్తే మిగిలేది 350176. సంఖ్య కన్నా తక్కువ. 560001కి మొత్తం 4 × 14 × 84 × 174 = 818496, ఆ సంఖ్య తీసేస్తే 258495. అదీ తక్కువే. 560100కి మాత్రం 7 × 4 × 31 × 1868 = 1621424, ఆ సంఖ్య తీసేసినా 1061324. తన కారణాంకాలే తనను మించిపోయాయి. 2, 3, 5 లాంటి చిన్న ప్రధానాలు ఎక్కువగా ఉంటే ఇలా అవుతుంది. సరిగ్గా సమానమైతే అది పరిపూర్ణ సంఖ్య. 6, 28, 496 అలాంటివి. పిన్ కోడుల్లో వెతికినా దొరకదు, ఆరంకెల్లో పరిపూర్ణ సంఖ్య ఒక్కటీ లేదు.

సంఖ్య కన్నా చిన్నవై, 1 తప్ప దానితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్ని ఉన్నాయో కూడా ఇక్కడే తేలుతుంది. ఒక్కో ప్రధానంలోంచి 1 తీసేసి గుణించాలి. 560001కి 2 × 12 × 82 × 172 = 338496. 560066కి 1 × 156 × 1656 = 258336. ఇక్కడ కూడా 13² దగ్గర 12 × 12 కాదు, 169 − 13 = 156.

రెండు వర్గాల మొత్తం

లెక్కలో రుచి ఇక్కడే ఉంది, కాస్త ఆగుదాం. ఏ వర్గాన్నయినా 4తో భాగిస్తే 0 గానీ 1 గానీ మిగులుతుంది. కాబట్టి 4తో 3 మిగిలే సంఖ్య రెండు వర్గాల మొత్తం కాలేదు. ఇక్కడే పప్పులో కాలేసేది. 560001కి 4తో 1 మిగులుతుంది కదా, అయితే కుదరాలి అనుకుంటారు. కుదరదు. చూడాల్సింది సంఖ్యను కాదు, దాని ప్రధానాలను. 4తో 3 మిగిలే ప్రధానం ఏదైనా బేసిసార్లు వస్తే పని కాదు. 560001లో 3, 83 రెండూ అలాంటివే, ఒక్కోసారే వచ్చాయి.

560066లో 2, 13, 1657 మాత్రమే ఉన్నాయి. 13కీ 1657కీ 4తో 1 మిగులుతుంది. కాబట్టి కుదిరి తీరాలి. ముందు 1657తో మొదలుపెట్టండి. 40 వర్గం తీస్తే 57, 39 వర్గం తీస్తే 136, 38కి 213, 37కి 288, 36కి 361. 361 అంటే 19². చివరి అంకె 2, 3, 7, 8 అయితే అది వర్గం కాదు కాబట్టి 57, 213, 288లను చూడగానే కొట్టేయవచ్చు.

1657 = 36² + 19²

2తో గుణించాలంటే ఈ రెంటి మొత్తం, తేడా తీసుకోవాలి: 55, 17. అంటే 3314 = 55² + 17². తర్వాత 13². దాన్ని 12² + 5² అని రాసి, 7వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు చూపిన సూత్రం వాడండి. నాలుగు గుణకారాలు: 55 × 12 = 660, 17 × 5 = 85, 55 × 5 = 275, 17 × 12 = 204. మొదటి రెంటి తేడా, చివరి రెంటి మొత్తం ఒక జత. మొదటి రెంటి మొత్తం, చివరి రెంటి తేడా ఇంకో జత. ఇవి కాక 55, 17లను 13తో గుణిస్తే మూడో జత.

560066 = 575² + 479² = 745² + 71² = 715² + 221²

ఇంతే, నాలుగో దారి లేదు. గుర్తులు తారుమారు చేసి రెండు చోట్లా కూడినా, రెండు చోట్లా తీసేసినా జవాబు రాదు. ఒకచోట కూడితే ఇంకోచోట తీసేయాలి.

వర్గాల తేడా సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. కారణాంకాల జత ఒకటి తీసుకుని, వాటి మొత్తంలో సగం, తేడాలో సగం వర్గాలు చేస్తే తేడాగా ఆ సంఖ్య వస్తుంది. 560001కి 519 × 1079 జత ఉంది. మొత్తం 1598, సగం 799. తేడా 560, సగం 280. అంటే 560001 = 799² − 280². తేడాగా మళ్లీ 560 రావడం ఉత్త యాదృచ్ఛికమే గానీ చూడముచ్చటగా ఉంది. 16 కారణాంకాలకు 8 జతలు, కాబట్టి 8 దారులు. 560066కి ఒక్కటీ లేదు, ఎందుకంటే 2 ఒక్కసారే ఉంది. జతలో ఒకటి సరి, ఒకటి బేసి అవుతాయి, సగం చేస్తే పూర్ణసంఖ్య రాదు. 560100కి రెండూ సరి అయిన జతలే పనికొస్తాయి, అలాంటివి 6.

ఫోనూ కంప్యూటరూ వాడేటప్పుడు

ఫోన్ క్యాలిక్యులేటర్ శేషం చూపదు, దశాంశం చూపుతుంది. దశాంశానికి ముందున్న భాగాన్ని భాజకంతో తిరిగి గుణించి, అసలు సంఖ్యలోంచి తీసేస్తే శేషం వస్తుంది. దశాంశ భాగాన్ని మాత్రమే భాజకంతో గుణిస్తే 6కి బదులు 5.99999 లాంటిది రావచ్చు, దాన్ని 5గా రాసుకుంటే గోవిందా. ఎక్సెల్ 15 అంకెల దాకానే నిజం చెబుతుంది. 16 అంకెల సంఖ్య కొడితే చివరి అంకె చడీచప్పుడు లేకుండా సున్నా అవుతుంది. లైనక్స్ ఉన్నవాళ్లు టెర్మినల్‌లో ఫ్యాక్టర్ (factor) అని కొట్టి సంఖ్య ఇస్తే ప్రధాన కారణాంకాలు వరసగా వస్తాయి. పైథాన్ వాళ్లకు సింపై (SymPy) అనే గణిత లైబ్రరీ ఉంది.

పదంకెల మొబైల్ నంబరుకు హద్దు దాదాపు లక్ష దాకా పోతుంది, లక్ష లోపల ప్రధానాలు 9592. అది చేతి పని కాదు. అలాగని మీ ఫోన్ నంబరునో ఆధార్ నంబరునో ఏదో వెబ్‌సైట్‌లో పెట్టి విప్పించుకోకండి, సొంత మెషీన్‌లోనే చేయండి.

కొన్ని ప్రోగ్రాములు ఫెర్మా పరీక్ష (2 లాంటి ఒక సంఖ్యను, పరీక్షించే సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, పరీక్షించే సంఖ్యతో భాగిస్తే 1 మిగులుతుందా అని చూడడం) ఒక్కటే చేసి ‘ప్రధానం’ అంటాయి. అది ‘కాదు’ అంటే నమ్మండి, ‘అవును’ అంటే నమ్మకండి. 341 = 11 × 31, అయినా 2తో చేసిన పరీక్షలో నెగ్గుతుంది. రామానుజన్ పేరుతో అందరికీ తెలిసిన 1729 = 7 × 13 × 19. తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యతో పరీక్షించినా అది దొరకదు.

మారతహళ్లి సంఖ్యను చివరికి ఉంచడానికి కారణం ఉంది. 560037లో 3 పోతే 186679 మిగులుతుంది, హద్దు 432. జీపీవో సంఖ్యలో కూడా 3 పోయాక హద్దు ఇదే, కానీ అక్కడ 13 దగ్గరే దారి దొరికింది. ఇక్కడ 431 దాకా 83 ప్రధానాల్లో ఒక్కటీ భాగించదు, 186679 ప్రధానమే. ఇది ఒక్కరు చేయకుండా ఇద్దరు పంచుకోండి. పట్టీని 431 దాకా పొడిగించి, 1తోనూ 7తోనూ ముగిసే ప్రధానాలు ఒకరు, 3తోనూ 9తోనూ ముగిసేవి ఇంకొకరు చూడండి. ప్రతి శేషాన్నీ రాసి పెట్టండి, తర్వాత కాగితాలు మార్చుకుని సరిచూడండి. 359 దగ్గర శేషం 358 వస్తుంది. అక్కడ భాగఫలం 519 బదులు 520 అని రాసుకుంటే ఒక్కటి తక్కువ పడుతుంది, తొందరలో దాన్నే భాగించినట్టు లెక్కేయకండి.